టీవీకి వీపు పెట్టి చూసిన ఫైనల్

ఆ ఫైనల్ జరిగినంతసేపూ నేను ఆ గదిలోనే ఉన్నాను. టీవీకీ నాకూ మధ్య చెయ్యి చాపితే అందేంత దూరం. అయినా ఒక్క బంతి నా కంట పడలేదు. టీవీకి వీపు, మావకి ముఖం పెట్టి చిన్న పీట మీద కూర్చోవాలని మా అత్త ఆర్డరు. ఆట పూర్తయ్యేదాకా తల తిప్పకూడదు. తిప్పితే ఆ అమ్మాయి ఓడిపోతుందట. నేను హైస్కూల్లో లెక్కలు చెప్పేదాన్ని. ఏటేటా పిల్లలకి సంభావ్యత పాఠం చెబుతాను. నాణెం ఎవరు ఎగరేసినా బొమ్మా బొరుసూ సమానమే అని బోర్డు మీద రాసి మరీ చూపిస్తాను. అలాంటిదాన్ని నోరు మూసుకుని ఆ పీట మీద కూర్చున్నానంటే, ఆ రోజు మా ఇంట్లో పరిస్థితి అలా ఉంది.

మావ అంటే మా అమ్మకి తమ్ముడు. నెల్లిమర్లలో ఇల్లు. జూట్ మిల్లులో లూమ్ మీద పనిచేసి రిటైరయ్యాడు. ఆయన పుర్రచేతి వాటం మనిషి. చిన్నప్పుడు అన్నం దగ్గర కూర్చుంటే మా అమ్మమ్మ ఆ ఎడమచెయ్యిని గుడ్డతో నడుముకి కట్టేసేదట. బళ్లో మేష్టారు అదే చేతి మీద బెత్తంతో కొట్టేవారట. ఆ చేతికి మర్యాద దొరికింది ఒక్క టెన్నిస్ కోర్టులోనే. మిల్లు క్వార్టర్స్ వెనకాల ఎర్ర గ్రావెల్ వేసి, రోలరు తొక్కించి, సున్నంతో గీతలు గీసిన కోర్టు ఒకటి ఉండేది. రెండు చివర్లా గోనెపట్టా తెరలు కట్టేవారు. షిఫ్టు దిగి మావ అక్కడికే వెళ్లేవాడు. ఎవరో ఇచ్చేసిన పాత బ్యాటుతో ఎడమచేత్తో సర్వీసు కొడితే, బంతి నేల మీద పడి పక్కకి జారిపోయేదట. అవతలివాడు గోనెతెరలో చిక్కుకునేదాకా పరిగెత్తాల్సిందే. ఈ కథ నేను చెవులు చిల్లులు పడేటన్ని సార్లు విన్నాను.

ఎక్కడో మంచుదేశంలో పుట్టిన ఒక ఎడమచేతి పిల్ల టీవీలో కనిపించినప్పటి నుంచీ మావకి వేరే లోకం లేదు. అప్పటికి ఆ పిల్లకి పదిహేడేళ్లు. మావ ఆమెని పేరుతో పిలవగా నేనెప్పుడూ వినలేదు. "నా గుంట" అనేవాడు. మా వైపు ముద్దొస్తే ఆడపిల్లని గుంట అంటాం. ఆ గుంట పెద్దదయింది, మోకాలు దెబ్బతింది, పెళ్లి చేసుకుంది, మళ్లీ ఆడింది. పెద్ద టోర్నమెంట్లలో మూడుసార్లు ఫైనల్‌కి వచ్చింది, మూడుసార్లూ ఓడింది. ఓడిన ప్రతిసారీ మావ ఆ పూట అన్నం తినేవాడు కాదు. "దిక్కుమాలిన గుంట, సేతికొచ్చింది నోటికి రానీదు" అని అత్త తిట్టేది. తిట్టినా, తినని కంచం మీద మూత పెట్టి ఉంచేది.

ఈ పిచ్చిలో మావకి తోడు ఒకడు ఉండేవాడు. సముద్రం పక్క నుంచి మోపెడ్ మీద ఐసు పెట్టె కట్టుకుని వచ్చి మా వీధిలో చేపలు అమ్మే ఆయన. ఎప్పుడో కోర్టులో వల చిరిగితే దాన్ని అల్లి బాగుచెయ్యడానికి మావ ఆయన్ని పిలిచాడట. పని అయ్యాక ఊరికే ఆట చూస్తూ కూర్చున్నవాడు, ఇక లేవలేదు. ఒకరినొకరు బావా అని పిలుచుకుంటారు. అత్త ఆయనకి అప్ప, అంటే అక్క. "మాకు వల్లో పడితే లాభం, ఈల్లకి వల్లో పడితే నష్టం. ఇదేటి ఆట బావా" అన్నది ఆయన మాటే. లెక్కల టీచర్ని, నా బాధ వేరు. టెన్నిస్ పాయింట్లలో పదిహేను, ముప్ఫై అయ్యాక నలభై ఎలా వస్తుందో ఇప్పటికీ నాకు మింగుడుపడదు.

ఆ శీతాకాలం మావ కాలికి కొత్త చెప్పు కరిచింది. షుగరు మనిషి. పుండు మానలేదు. చిటికెన వేలు ముందు నల్లబడింది, తర్వాత దాని పక్క వేలు. నేనే విజయనగరంలో డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన వేళ్లని నొక్కి చూసి, మావతో కాకుండా నాతో చెప్పాడు. "ఇప్పుడైతే రెండు వేళ్లతో పోతుందమ్మా. ఆలస్యం చేస్తే పాదం. ఇంకా ఆలస్యం చేస్తే ఏం తియ్యాలో నేను చెప్పలేను." మావ చెప్పు కోసం కిందకి చూశాడు. ఆటో ఎక్కాక మాత్రం, "సూద్దాంలే" అన్నాడు.

చూద్దాం అంటే రానని అర్థం. ఇంటికొచ్చాక నేను అరిచాను, అత్త ఏడ్చింది. మావ మంచం మీద కూర్చుని గోడకేసి మాట్లాడాడు.

"నా పక్క లూమ్ మీద పనిసేసినోడు గేపకం ఉన్నాడా నీకు? ఏలు తీయించుకోడానికని ఎల్లినాడు. తొడ దాకా తీయించుకొనొచ్చినాడు. ఆ వానాకాలం దాటనేదు. డాక్టర్లు ముందు ఏలే అంటారు."

"అందరికీ అలగే అవుతాదేటి మావా?"

"నాకవదని నువ్వు రాసిస్తావేటి?"

నేను రాసివ్వలేను. టీవీలో ఆస్ట్రేలియాలో జరిగే పెద్ద టోర్నమెంటు గురించి చెబుతున్నారు. జనవరిలో అది మనకి పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వస్తుంది. మావ గుంట కూడా ఆడుతోంది. ముప్ఫై నాలుగేళ్లు, మోకాలికి పట్టీ, ఆమె గెలుస్తుందని అన్నవాళ్లు ఒక్కరూ లేరు. మావ టీవీ వైపు చెయ్యి చూపించి నవ్వాడు.

"సరే. మీ గోల పడనేను. ఈసారి నా గుంట కప్పు కొడితే నానొస్తాను ఆస్పత్రికి. సాలా?"

అది ఒప్పుకోవడం కాదు. తప్పించుకోవడం. గొర్రె తోక బెత్తెడే అని ఆయనకి అందరికంటే బాగా తెలుసు. నేను నోరు తెరిచేలోపు అత్త కళ్లు తుడుచుకుని లోపలికి వెళ్లింది. పసుపు రాసిన గుడ్డముక్క, ఒక రూపాయి బిళ్ల తెచ్చింది. మా ముందే బిళ్లని గుడ్డలో పెట్టి మూడు ముళ్లు వేసి, పైడితల్లమ్మ పటానికున్న మేకుకి వేలాడదీసింది.

"అమ్మకి సెప్పేసినాను. ఆ గుంట కప్పు కొడితే నువ్వు ఏల్లు ఇస్తావు."

మావ నవ్వు ఆగిపోయింది. "ఒసే, సరదాకన్నానే."

"అమ్మతోటి సరదాలేటి?"

ముడుపు కట్టాక మాట మార్చడం మా ఇళ్లలో లేదు. దేవుణ్ణి నమ్మనని గొప్పలు పోయేవాళ్లు కూడా కట్టిన ముడుపు జోలికి వెళ్లరు. మావ ఆ పసుపు మూటని చూసి తల దించుకున్నాడు. నేను అత్తని వంటింట్లోకి లాక్కెళ్లి కడిగేశాను. మనిషి కాలుని ఎవరో ఆడే ఆటకి ముడిపెడతావా, ఆ అమ్మాయి ఎప్పుడూ గెలవదు కదా, ఇక జన్మలో రాడు కదా అని. అత్త కూర కలుపుతూ చెప్పింది.

"ముడి ఎయ్యకపోతే వొచ్చీవోడా? రాడు. ఏసినాను, వొస్తే వొస్తాడు. పోయినదేటి మనకి?"

లెక్క ప్రకారం అత్త మాటలో తప్పు లేదు. అందుకే ఇంకా ఒళ్లు మండింది.

తర్వాత జరిగింది ఎవరూ అనుకోనిది. గుంట మొదటి రౌండు గెలిచింది. రెండోది గెలిచింది. గెలిచిన ప్రతి రౌండూ మావ ఆపరేషన్‌కి ఒక అడుగు దగ్గర. అదే సమయంలో నలుపు కూడా పాదం మీదకి ఒక గీత జరుగుతోంది. ఓడిపోతే మావ రాడు. గెలుస్తూ పోతే టోర్నమెంటు అయ్యేదాకా ఆగాలి. రోజూ గజపతినగరంలో బడి అయిపోయాక బస్సెక్కి నెల్లిమర్ల వచ్చి కట్టు మార్చేదాన్ని. అప్పటికి కట్టు విప్పేముందు గదిలో అగరొత్తి వెలిగించడం అత్తకి అలవాటయింది. ఎందుకు వెలిగిస్తోందో ముగ్గురికీ తెలుసు.

క్వార్టర్ ఫైనల్ రోజు సెలవు పెట్టి వచ్చాను. ఏదో ఒకటి చెప్పి మావని ఆస్పత్రికి తీసుకెళ్లాలని. ఆయన కదల్లేదు. కోపంతో పీట లాక్కుని, టీవీకి వీపు పెట్టి కూర్చుని కట్టు విప్పడం మొదలుపెట్టాను. అప్పటికి గుంట ఒక సెట్టు ఓడి, రెండో దాంట్లో చావు అంచున ఉంది. నేను పీట మీద కూర్చున్నాక లేచింది. లేచి గెలిచింది. అత్త ఆ రోజే తీర్పు ఇచ్చేసింది. నేను ఆ పీట మీద, ఆ వైపుకి కూర్చుంటేనే గుంట గెలుస్తుంది. సెమీఫైనల్‌కి నాకు సెలవు దొరకలేదు. అత్త పీట అక్కడే వేసి, దాని మీద నేను మర్చిపోయిన చున్నీ మడత పెట్టి ఉంచిందట. అది కూడా గెలిచింది. ఆ రోజు సైకిల్ మీద వచ్చినవాడెవడో పిలిస్తే చేపలాయన వెళ్లబోతూ ఒక కాలు గడప లోపల, ఒక కాలు బయట పెట్టి చివరి గేము చూశాడట. ఇక ఫైనల్‌కి ఆయన చోటు కూడా ఖాయమైపోయింది.

ఫైనల్ శనివారం మధ్యాహ్నం. ఒంటిపూట సెలవు పెట్టి పరిగెత్తుకొచ్చాను. మావ మంచం మీద వెనక్కి ఆనుకుని, కాలు దిండు మీద పెట్టుకుని ఉన్నాడు. రాత్రి జ్వరం వచ్చిందని అత్త చెవిలో చెప్పింది. కట్టు పైన చర్మం ఎర్రగా, వేడిగా ఉంది. డాక్టరుకి ఫోన్ చేశాను. "ఇంకా ఏం చేస్తున్నారమ్మా మీరు? ఈ రోజే తీసుకురండి" అని కసిరాడు. టెన్నిస్ చూస్తున్నామని ఆయనతో చెప్పడానికి నాకు నోరు రాలేదు.

అత్త పటం ముందు దీపం పెట్టింది. నేను పీట మీద కూర్చున్నాను. చేపలాయన ఐసు పెట్టె అరుగు మీద దింపి గడప మీద నిలబడ్డాడు. గడప మీద నిలబడితే దరిద్రమని మా అందరినీ చిన్నప్పటి నుంచీ తరిమిన అత్త, ఆయన నీళ్ల కోసం కదిలితే మాత్రం ఒప్పుకోలేదు.

"ఉక్కిరిబిక్కిరి అయిపోతన్నాను అప్పా, కాసేపు కూకుంటాను."

"కప్పు కొట్టినాక పడుకుందువుగాన్లే. అక్కడే ఉండు."

అలా ఆట మొదలైంది. నాకు వినిపించేది ఇంగ్లీషు కామెంటరీ, బంతి చప్పుడు, జనం హోరు. కనిపించేది మావ ముఖం. మొదటి సెట్టు గుంట ఓడింది. చేపలాయన తల బాదుకున్నాడు. అత్త కళ్లు మూసుకుని గొణుక్కుంటోంది. మావ దవడ బిగించుకుని ఉన్నాడు, జ్వరం వల్లనేమో అనుకున్నాను. రెండో సెట్టులో గుంట పుంజుకుంది. వెనకాల హోరు పెరిగింది. చేపలాయన గడప మీదే గెంతుతున్నాడు. మావ కళ్లు మాత్రం టీవీ మీద నుంచి జారి కాలి మీదకి వచ్చాయి. ఇంకో పాయింటు గెలిచింది. మళ్లీ కాలి వైపు చూశాడు. ఆ తర్వాత జనం "అయ్యో" అన్నట్టు నిట్టూర్చారు, గుంట ఏదో తప్పు కొట్టింది. మావ భుజాలు కిందికి దిగాయి. సన్నగా ఊపిరి వదిలాడు.

ముందు నమ్మలేదు. లెక్కల బుద్ధి కదా, గమనించడం మొదలుపెట్టాను. గెలిస్తే కాలి వైపు. ఓడితే ఊపిరి. మళ్లీ గెలిస్తే కాలి వైపు. టీవీ వైపు తిరిగి కూర్చున్నవాళ్లెవరూ ఇది చూడలేరు. అత్త చూడలేదు, చేపలాయన చూడలేదు. నాకు ఒక్కదానికే కనిపిస్తోంది. రెండో సెట్టు గుంట గెలిచినప్పుడు ఇల్లు ఎగిరిపోయేలా అరిచారు ఇద్దరూ. మావ కూడా చప్పట్లు కొట్టాడు. కొడుతూనే కాలి వైపు చూశాడు.

సెట్టుకీ సెట్టుకీ మధ్య ఆటగాళ్లు ఆగినప్పుడు అత్త దీపంలో నూనె పొయ్యడానికి వెళ్లింది. చేపలాయన బయటికి మెడ చాపి గాలి పీల్చుకుంటున్నాడు. నేను ముందుకి వంగాను.

"మావా, నిజం సెప్పు. ఆ గుంట ఓడిపోవాలని సూస్తన్నావేటి?"

"పిచ్చి వాగుడు వాగకు."

"నీ మొకం సూస్తన్నాను నాను. ఇంకేటీ కనపడదు నాకిక్కడ."

మావ నా వైపు చూడలేదు. దుప్పటి అంచుని ఎడమచేత్తో నలుపుతున్నాడు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"బయమేస్తన్నాదే." గడప వైపు ఓసారి చూశాడు. "ఇన్నేల్లు దాని ఎనకాలే ఉన్నాను. అది ఓడినప్పుడల్లా కూడు మానేసినాను. ఇయ్యాల అది గెలవబోతా ఉంటే, నాను దాని పడిపోడం కోసం సూస్తన్నాను. ఇంతకన్నా సిగ్గుందేటి? మీ అత్తకి సెప్పకు. బావకసలే సెప్పకు."

నాకు మొదట వచ్చింది జాలి కాదు, కోపం. చెంప మీద ఒకటి ఇవ్వాలనిపించింది. పక్షం రోజులుగా మేమందరం ఒక తెలియని అమ్మాయి గెలవాలని గుండె చిక్కబట్టుకుని కూర్చుంటే, ఈయన ఇక్కడ కూర్చుని లోపల్లోపల ఇంకో ప్రార్థన చేస్తున్నాడు. తర్వాత దుప్పటి నలుపుతున్న ఆ చెయ్యి చూశాను. బళ్లో బెత్తం దెబ్బలు తిన్న చెయ్యి. ఇంత పెద్ద మనిషికి ఇంత భయం ఉంటుందని నాకు ఎందుకు తట్టలేదో తెలియదు. అత్త తిరిగి వచ్చేసింది. నేను ఆయన మోకాలి మీద చెయ్యి వేసి ఏడుపు ఆపుకున్నాను. ఏడిస్తే అత్త ఎందుకని అడుగుతుంది.

మూడో సెట్టు నా జన్మలో మర్చిపోను. గుంట ముందుకెళ్లింది. ఇంక ఒక్క గేము గెలిస్తే కప్పు. మావ ముఖంలో రక్తం లేదు. అక్కడ గుంట తడబడింది, రెండు సర్వీసులు వల్లోకి కొట్టింది. "వల్లోకెందుకు కొడతావే తల్లీ, సేపలేటీ నేవక్కడ!" అని చేపలాయన ఏడుపుగొంతుతో అరుస్తున్నాడు. అవతలి అమ్మాయి సమం చేసింది. ఆరూ ఆరు. ఇక పది పాయింట్ల టైబ్రేక్. అత్త కొంగు నోట్లో కుక్కుకుంది. వీధిలో ఒక పిల్లి కూడా తిరగనట్టు నిశ్శబ్దంగా ఉంది, లేదా నాకు ఇంకేమీ వినపడలేదు. నా మెడ నొప్పి పుట్టింది. తిప్పితే ఓడిపోతుందేమోనని నిజంగానే భయపడ్డాను. సంభావ్యత పాఠం ఎటు పోయిందో దానికే తెలియాలి.

ఎనిమిది, ఎనిమిది. అప్పుడు అవతలి అమ్మాయి ఒక పాయింటు కొట్టింది. తొమ్మిది, ఎనిమిది. ఇంకొక్కటి కొడితే ఆమెదే కప్పు. కామెంటరీ గొంతు తగ్గించింది. అత్త "అయిపోనాది" అని గోడకి చేరబడింది. చేపలాయన తలకి కట్టుకున్న తువ్వాలు తీసి ముఖం కప్పుకున్నాడు. మావ ఇక బయటపడ్డట్టే. ఒక్క పాయింటు, అంతే. ముడుపు ఆగిపోతుంది, ఆస్పత్రి ఆగిపోతుంది, ఎవరూ ఆయన్ని ఏమీ అనలేరు.

నేను ఆయన ముఖంలో ఆ తేలిక కోసం చూశాను. రాలేదు.

కళ్లు చిన్నవయ్యాయి. ఎడమచెయ్యి దుప్పటి వదిలేసి పైకి లేచింది, ఏదో పట్టుకున్నట్టు వేళ్లు ముడుచుకుంది. గుంట సర్వీసుకి బంతి నేలకి కొడుతున్న చప్పుడు నా వెనకాల వినిపిస్తోంది, టక్, టక్, టక్. మావ వీపు దిండు నుంచి లేచింది.

"బయటికి," అన్నాడు ముందు మెల్లగా. తర్వాత గది అదిరిపోయేలా అరిచాడు. "బయటికి లాగే! మద్దిలోకి కొట్టకే, సస్తావు! బయటికి జారనియ్యే నా తల్లీ!"

దిండు మీద ఉన్న కాలు నేల మీదకి దిగింది. వద్దు మావా అని నేను అనేలోపు రెండు కాళ్ల మీదా లేచి నిలబడిపోయాడు. నల్లబడిన వేళ్ల మీద మొత్తం బరువు పెట్టి. బంతి కొట్టిన చప్పుడు. ఒక్క క్షణం ఏమీ లేదు. జనం ఒక్కసారి పేలారు.

"పడినాది!" మావ నా రెండు భుజాలూ పట్టుకుని ఊపేశాడు. "గీత మీద పడినాది! సూసినావేటే? నా సర్వీసు! అది నా సర్వీసే!"

నేను చూడలేదు. ఆ ముఖం చూశాను. ఆ తర్వాత రెండు పాయింట్లు ఎలా వచ్చాయో నాకు తెలియదు. మావ వాటినీ నిలబడే చూశాడు. నా భుజాల మీద చేతులు వేసి, నన్ను కర్రలా వాడుకుని. చివరి పాయింటుకి ఆయన గోళ్లు నా భుజంలో దిగబడ్డాయి.

చేపలాయన గడప దాటి అరుగు మీదకి దూకి ఐసు పెట్టె మూతని డప్పులా వాయించడం మొదలుపెట్టాడు. అత్త ఏడుస్తూ నవ్వుతూ నా తల పట్టుకుని టీవీ వైపు తిప్పింది. "ఇంక సూడే, ఇంక సూడు!" తెర మీద ఆ అమ్మాయి నేల మీద మోకాళ్ల మీద కూర్చుని చేతుల్లో ముఖం దాచుకుని ఉంది. చప్పుడుకి ఇరుగుపొరుగు గుమ్మంలోకి వచ్చారు.

"ఇండియా గెలిసిందేటండి?"

"మా గుంట గెలిసినాది!" అంది అత్త. వాళ్లకి ఏమీ అర్థం కాలేదు. అయినా చేపలాయన వాళ్లందరికీ తలా రెండు కవళ్ల చేపలు ఊరికే పంచేశాడు. సంబరం కదా అని వాళ్లూ పట్టుకెళ్లారు.

కాసేపటికి ఆ గోల సద్దుమణిగింది. అత్త మేకు మీద నుంచి పసుపు మూట తీసి చేత్తో పట్టుకుంది. పట్టుకుని మావ వైపు చూసింది. మావ మంచం మీద కూలబడి ఉన్నాడు. కట్టు నిండా రక్తం, నేల మీద కూడా. ఆయన దాన్ని చూసుకున్నాడు, తర్వాత మమ్మల్ని చూశాడు.

"అలగ సూస్తారేటి? ఆటో పిలవండి." ఆ మూటని అత్త చేతిలోంచి తీసుకుని చొక్కా జేబులో వేసుకున్నాడు. "అమ్మతోటి సరదాలేటి."

ఆటోలో నేను ఆయన కాలు నా ఒళ్లో పెట్టుకున్నాను. అత్త ముందు సీట్లో డ్రైవరు పక్కన. రోడ్డు గతుకులకి మావ పళ్లు బిగించుకుంటున్నాడు. అడగకుండా ఉండలేకపోయాను.

"ఊరుకునుంటే ఓడిపోయీదేమో కదా మావా. ఎందుకలగ అరిసినావు?"

మావ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు.

"నా కాలు కోసం దాని సేత తప్పు కొట్టించమంటావేటే?"

ఆ అరుపు ఆస్ట్రేలియా దాకా వినపడదని నేను అనలేదు. ఆ అరుపు వల్లే బంతి గీత మీద పడిందని ఆయన ఇప్పటికీ నమ్ముతాడు. నిజం చెప్పాలంటే, ఆ రోజు నేనూ నమ్మాను.

డాక్టరు మా ముగ్గురినీ కలిపి తిట్టాడు. ఆ సాయంత్రమే ఆపరేషన్ చేశాడు. రెండు వేళ్లు అన్నది మూడయింది. ఆలస్యానికి ఒక వేలు. పాదం మిగిలింది. మెలకువ వచ్చాక మావ ముందు దుప్పటి ఎత్తి మడమ ఉందో లేదో చూసుకున్నాడట. తర్వాత, "గుంటకి మూడు ఫైనల్లు పోనాయి, నాకు మూడేల్లు పోనాయి. సెల్లుకి సెల్లు" అన్నాడని అత్త చెప్పింది. నేను వెళ్లేసరికి ఆయన వెల్లకిలా పడుకుని ఉన్నాడు. కాలు ఎత్తు మీద కట్టి పెట్టారు, పక్కకి తిరగడానికి లేదు. ఆ గదిలో టీవీ ఆయన తలవైపు గోడకి, పైన ఉంది. నర్సమ్మ వెళ్తూ రిమోట్ నా చేతిలో పెట్టింది. అటూ ఇటూ నొక్కుతుంటే ఆ ఫైనల్ మళ్లీ వస్తోంది.

"మావా, నీకు కనపడదే. మంచం తిప్పించమననా?"

"వొద్దు. నువ్వు సూడలేదు కదా, సూడు. నాను నీ మొకం సూస్తాను."

కుర్చీ మంచం పక్కకి లాక్కుని కూర్చున్నాను. ఈసారి టీవీకి ఎదురుగా. ఆ అమ్మాయి నేను అనుకున్నంత పొడుగు కాదు. జుట్టు చెమటకి నుదుటికి అంటుకుపోయి ఉంది. మావ కళ్లు నా మీదే ఉన్నాయి. కామెంటరీ వింటూ, నా ముఖం చదువుకుంటూ, ఏ పాయింటు నడుస్తోందో ఆయనే చెబుతున్నాడు. ఎనిమిది, ఎనిమిది. తొమ్మిది, ఎనిమిది. ఏం జరుగుతుందో తెలిసి కూడా నేను కుర్చీ అంచుకి జరిగాను. ఆమె బంతిని నేలకి కొట్టింది, టక్, టక్, టక్. ఎడమచెయ్యి వెనక్కి వెళ్లింది. బంతి గాల్లో ఒంపు తిరిగి, నేలని తాకి, పక్కకి జారిపోయింది. అవతలి అమ్మాయి చేతులు చాపి పరిగెత్తి, అందక, కోర్టు బయట ఆగిపోయింది. చిన్నప్పటి నుంచీ నేను విసుక్కుంటూ విన్న కథ అది. ఇప్పుడే చూశాను. కళ్లు మసకబారాయి.

"ఏటి, పడినాదా?" అన్నాడు మావ.

"పడినాది మావా."

"గీత మీదేనా?"

"గీత మీదే."

ఆయన కళ్లు మూసుకుని, దుప్పటి మీద ఎడమచేతిని మెల్లగా ఒకసారి తిప్పాడు.